కారము తెచ్చు కడుపుమంట – ఉపశమన మార్గములు

ఆవకాయ, గోంగూర పచ్చడి, పచ్చిమిరపకాయ లేని భోజనము తెలుగువారికి రుచింపదు. అయినను కారము మితిమీరిననాడు కడుపులో మంట, పుల్లని త్రేన్పులు, ఉబ్బరము కలుగుట అందరెరిగినదే. ఈ బాధకు గ్రామములలో తలకొక చిట్కా చెప్పుదురు. వానిలో ఏది మేలో, ఏది కీడో పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరమని భావించి ఈ విషయములను వివరించుచున్నాము.

మిరప మన దేశమున పుట్టిన పంట కాదు. దాని జన్మస్థానము అమెరికా ఖండము. పోర్చుగీసు వర్తకుల ద్వారా ఇది మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మన వంటలకు కారమునిచ్చినది మిరియము. మిరపకాయలోని ఘాటునకు కారణము క్యాప్సైసిన్ అను పదార్థము. వేడిని పసిగట్టు నాడులనే ఇది తాకునని 1997లో డేవిడ్ జూలియస్ బృందము వెల్లడించినది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. కావుననే నిప్పు లేకున్నను నోరు మండినట్లు తోచును. ఈ పదార్థము నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరగును. అందుచేత చెంబెడు నీరు త్రాగినను నోటిమంట తగ్గదు. పాలు, పెరుగు తగ్గించును.

కడుపుమంట కలిగినపుడు చేయదగినవి ఇవి:

1. ఉప్పు తక్కువగా వేసిన పలుచని మజ్జిగను కొద్దికొద్దిగా త్రాగవలెను. పడనివారు మంచినీరే త్రాగవచ్చును. పాలు కడుపుమంటకు కొంతసేపే హాయినిచ్చును.

2. తరువాతి పూట పెరుగన్నము, గంజి, ఇడ్లీ వంటి తేలిక ఆహారమును మితముగా తినవలెను.

3. భోజనమైన వెంటనే పరుండరాదు. రెండు మూడు గంటలు గడచిన పిదపనే తల వైపు ఎత్తుగా ఉంచి పరుండవలెను.

4. కాఫీ, టీ, సోడా, పొగాకు, మద్యము మానవలెను.

5. తినుసోడాను తరచు నీటిలో కలిపి త్రాగరాదు. ముఖ్యముగా రక్తపోటు, మూత్రపిండముల వ్యాధి గలవారికి అందలి సోడియము హానికరము.

6. విరేచనములు పట్టుకొన్నచో ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసిన కొలత ప్రకారము నీటిలో కలిపి త్రాగవలెను.

కారమే కడుపులో పుండునకు మూలమని పలువురు తలచుచున్నారు. అది సరికాదు. హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి ఇందుకు ముఖ్యకారణమని బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను ఆస్ట్రేలియా వైద్యులు నిరూపించిరి. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించినది. ఒంటినొప్పులకు అంగడిలో కొని తరచు మ్రింగు కొన్ని మాత్రలు రెండవ కారణము. కారము పుండును పుట్టింపదు గాని, ఉన్న బాధను పెంచవచ్చును. పుండునకు తగిన వైద్యమున్నది. కావున నెలల తరబడి బాధను ఓర్చుకొనుచు, చిట్కాలతో కాలము గడపుట తగదు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి గలదు. రొమ్ములో బరువు, చెమటలు, ఆయాసము, చేతికో దవడకో ప్రాకు నొప్పి కలిగినపుడు దానిని "గ్యాసు" అని త్రోసివేయరాదు. అది గుండెపోటు కావచ్చును. మధుమేహము గలవారిలోను, వృద్ధులలోను, స్త్రీలలోను లక్షణములు స్వల్పముగా కూడ కనిపించవచ్చును. తక్షణమే 108కి ఫోను చేయవలెను. రక్తపు వాంతి, తారువలె నల్లని విరేచనము, ఓర్వరాని కడుపునొప్పి కలిగినను ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను. మ్రింగుట కష్టమైనను, కారణము లేక బరువు తగ్గినను, మంట రెండు మూడు వారములు వీడకున్నను వైద్యునికి చూపవలెను.

పంచాయతీ సభ్యులు ఈ లక్షణములను గ్రామసభలో చదివి వినిపించవచ్చును. ఆశా కార్యకర్త సాయముతో పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవచ్చును. రాత్రివేళ రోగిని తరలించుటకు ఎవరి వాహనము దొరకునో ముందే నిశ్చయించి ఉంచుట మంచిది. పెండ్లిండ్లలో, జాతరలలో పిల్లలకు, వృద్ధులకు కారము తగ్గించిన కూర యొకటి వేరుగా వండించుట కష్టమైన పని కాదు. రుచిని విడువనక్కరలేదు, మితము పాటించి, ప్రమాద సూచనలను గుర్తించిన చాలును.