పెరటిపాదులు – పండుఈగ

కాకర, బీర, పొట్ల పాదులు పెట్టిన యిండ్లలో ఏటేట వినవచ్చు మాట యొకటి కలదు: పిందెలు పుష్కలముగా దిగినవి, కాయ మాత్రము చేతికి రాలేదు. పిందె యొకప్రక్కకు వంకరవోయి, పసుపుపచ్చనై రాలిపోవును. దిష్టి తగిలినదని పందిరికి పాతచెప్పు కట్టువారు కలరు. చెప్పునకు ఈగ వెఱవదు. రాలిన పిందెను చీల్చి చూచినచో లోపల తెల్లని పురుగులు కనబడును. అవి పండుఈగ పిల్లలు.

ఈ యీగ ఇంచుమించు ఇంటి ఈగయంతయే యుండును. దేహము ఎఱ్ఱమట్టి రంగు, రెక్కలపై గోధుమవన్నె మచ్చలు. ఆడుది తోకకొననున్న సూదివంటి యవయవముతో లేతపిందెను గ్రుచ్చి చర్మము క్రింద గ్రుడ్లు పెట్టును. గ్రుచ్చినచోట బంకబొట్టు నిలుచును. ఉదయమున పందిరిక్రింద నిలిచి చూచు బాలబాలికలు దీనిని సులభముగ గుర్తింపగలరు. ఒకటిరెండు దినములలో గ్రుడ్లు పిగులును. పురుగు వారముదినములంత గుజ్జు తిని, నేలకు దిగి, మట్టిలో అంగుళము రెండంగుళముల లోతున ముడుచుకొని పడియుండి, మఱియొక వారము పదిదినములకు ఈగయై లేచును.

ఇట్లుండగా కాయపై మందు చల్లిన నేమి ఫలము? లోపలి పురుగునకు అది సోకదు. బీరకాయలను రెండుమూడు దినముల కొకమారు కోయుదుము గదా. ఆ మందు మన పిల్లల కంచములలోనికే వచ్చును. తలిదండ్రులకు మేము ముఖ్యముగ విన్నవింపదలచిన దిదియే.

రాలినవానిని, వంకరవోయినవానిని ప్రతిదినము ఏరవలెను. వానిని పెంటకుప్పపై వేయుట ఈగలను పెంచుటయే. రెండడుగుల లోతున పాతిపెట్టవలెను. లేదా ప్లాస్టిక్కు సంచిలో మూతి బిగించి కొన్నిదినములు ఎండలో నుంచవలెను. పాదుమొదట మట్టిని, వేళ్లు తెగకుండ, పైపైని త్రవ్వినచో దాగిన పురుగులు ఎండకును కోళ్లకును దొరకును. పువ్వు వాడి పిందె నిలిచినవెంటనే కాగితపు సంచి తొడిగిన ఈగకు తావుండదు. పొట్లకాయకు పొడవైన సంచి కావలెను, ఓపికయు కావలెను. క్యూల్యూర్ అను ఎర అంగళ్లలో దొరకును గాని దానికి మగ ఈగలే వచ్చును. దానినే నమ్ముకొన రాదు.

జపానుదేశపు ఒకినావా దీవులలో 1972 మొదలు 1993 వఱకు పాటుపడి, సంతానశక్తి లేని ఈగలను లెక్కకు మిక్కిలిగ వదలి, ఈ జాతిని నిర్మూలించిరి. ఆ దీవుల చుట్టు సముద్రము కలదు. మన పెరటిచుట్టు గోడయే కలదు, దానిని ఈగ అవలీలగ దాటును. కావున ఒకవీధి విద్యార్థులు కూడి, ఇరుగుపొరుగు పెరళ్లలో రాలినవానిని గూడ అడిగి ఏరి తేవలెను. విత్తనమునకు విడిచిన కాయకు మాత్రము సంచి నేడే తొడుగుడు.