మన ఆశ, పిల్లల దారి



పోయిన ఆదివారం వందన అయ్యాక ఒక అక్క అడిగింది: "అన్నా, వాడు ఇంజనీరు అవుతాడనే కదా ఎండలో కూలికి పోయి చదివిస్తున్నాం. ఇప్పుడేమో ఎంపీసీ వద్దు, హిస్టరీ చదువుతా అంటున్నాడు. మా కష్టమంతా ఏమైపోవాలి?"

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు. అందుకే ఈ పాఠం.

ముందుగా ఒక మాట. మీ ఆశ తప్పు కాదు. తరతరాలుగా మనల్ని చదువుకు దూరంగా ఉంచారు. బిడ్డ ఇంజనీరైతే అప్పు, అవమానం మనతోనే ఆగిపోతాయనుకుంటాం. దాన్ని దురాశ అనే హక్కు ఎవరికీ లేదు.

సిగాలోవాద సుత్తంలో తథాగతుడు తల్లిదండ్రులకు ఐదు బాధ్యతలు చెప్పాడు: చెడు నుంచి ఆపడం, మంచివైపు నడపడం, ఒక విద్య నేర్పించడం, తగిన పెళ్లి చేయడం, సమయానికి ఆస్తి అప్పగించడం. మూడోది గమనించండి. బతుకుతెరువుకు పనికొచ్చే విద్య నేర్పించమన్నాడు. ఫలానా విద్యే అనలేదు.

మరి దుఃఖం ఎక్కడ మొదలవుతుంది? ఆశ తృష్ణగా మారిన చోట. బిడ్డ మాట వినగలిగినంతవరకు అది మైత్రి. "పక్కింటోళ్ల అబ్బాయి అమెరికా పోయాడు, నువ్వెందుకు పోవు?" అన్న రోజు అది తృష్ణ. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులు పోయినా ఇంట్లో తన చోటు పోదని ప్రతి బిడ్డకూ ముందే తెలియాలి.

బాబాసాహెబ్‌ను చూడండి. తండ్రి రాంజీ అప్పు చేసి పుస్తకాలు కొనిచ్చాడు. ఆ బిడ్డ కొలంబియాలో అర్థశాస్త్రంతో పాటు చరిత్ర, సమాజశాస్త్రం చదివాడు. లండన్‌లో బారిస్టర్ అయ్యాడు. ఆ చదువులే మన హక్కులకు అక్షరాలయ్యాయి.

లెక్కలంటే ఇష్టమున్న బిడ్డను తప్పకుండా ఇంజనీరింగ్ చదివించండి. మనకు ఇంజనీర్లూ కావాలి. వేరే దారి అడిగితే భయపడకండి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ డిగ్రీ చదువుకూ ఉంది. బౌద్ధం తీసుకున్నా ఎస్సీ హోదా పోదు. 1990లోనే చట్టం మారింది.

ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి:

1. ఏ పాఠం చదువుతుంటే నీకు టైమ్ తెలియదు?
2. ఆ చదువుతో న్యాయంగా ఎలా బతుకుతావు?
3. దానివల్ల మనోళ్లకు ఏం మేలు?

రెండో ప్రశ్న సమ్యక్ ఆజీవం గురించి. దాన్ని వదలొద్దు. కానీ జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.

ఆ అక్కకు నేను చెప్పింది ఇదే: "కులం అంటే ఏంటక్కా? బిడ్డ పుట్టకముందే వాడి పని ఖాయం చేయడం. మన తాతలకు పని ఎంచుకునే హక్కు లేదు. నీ రెక్కల కష్టమే వాడికి ఆ హక్కు తెచ్చిపెట్టింది. నీ కష్టం ఎక్కడికీ పోలేదు. తెచ్చిన హక్కును మన చేత్తో మనమే లాక్కోవద్దు."

నమో బుద్ధాయ! జై భీమ్!