పాత సుత్తికి కొత్త కామ

జంషెడ్‌పూర్‌లో పాత సుత్తి కావాలంటే పురాతన వస్తువుల దుకాణం వెతుక్కోనక్కర్లేదు. రిటైరై క్వార్టరు ఖాళీ చేస్తున్న ఇంటి పెరటి వైపు వెళ్తే చాలు. కద్మా, గోల్‌మురి, బిష్టుపూర్‌లలో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు మూడు నాలుగు తరాలుగా ఉన్నారు. తాతలు బెంగాల్ నాగపూర్ రైలెక్కి వచ్చి రోలింగ్ మిల్లుల్లో, ఫిట్టింగ్ షాపుల్లో చేరారు. మనవలు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయారు. సామాను సర్దేటప్పుడు ఫ్రిజ్జు లారీ ఎక్కుతుంది, సుత్తి కబాడీవాడి కాటా ఎక్కుతుంది. అక్కడ దానికి తుక్కు ఇనుము రేటే.

ఆ కాటా మీంచి ఒక సుత్తిని దించి, అది ఎప్పటిదో తేల్చుకుని, మళ్లీ పనిలో పెట్టేదాకా చేయాల్సినవి ఇక్కడ చెబుతాను. అద్దంలా మెరిపించి షోకేసులో పెట్టుకునేవాళ్లకు ఇందులో పనికొచ్చేది తక్కువ. మెరిపించడం కోసం సుత్తి మీద ముద్ర అరగదీసేవాళ్లంటే నాకు గిట్టదు కూడా.

కొనేటప్పుడే కొంత జాగ్రత్త కావాలి. కామ విరిగిందా, వదులైందా అన్నది చూడక్కర్లేదు, అది ఎలాగూ మారుతుంది. చూడాల్సింది తల. కామ దూరే బెజ్జం చుట్టూ పగులున్నా, బెజ్జాన్ని ఎవరైనా వెల్డింగుతో పూడ్చి మళ్లీ తొలిచినా వదిలేయండి. ఈ ఊరికే చెందిన జాగ్రత్త ఇంకొకటుంది. ఏదైనా కర్మాగారం ముద్ర పడి, పెద్దగా అరగని కొత్త సుత్తి తుక్కు కొట్లో కనిపిస్తే ముట్టుకోవద్దు. అది గేటు ఎలా దాటిందో అడిగే పరిస్థితి మీకెందుకు?

ముద్ర చదవడం

ఇంటికి తేగానే ఇసుక కాగితం తీయకండి. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడిచి, ఇత్తడి తీగల బ్రష్షుతో తల పక్కల ఉండే బుగ్గలు రెండూ తేలిగ్గా రుద్దండి. చాలా సుత్తుల మీద తుప్పు కింద ఎర్రగా గట్టిపడిన పొర ఒకటి వస్తుంది. అది సిందూరం. ఇక్కడ ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు షాపులో ఉన్న పనిముట్లన్నిటికీ సిందూరం పెడతారు. మనవాళ్ల ఇళ్లలో దసరాకి ఆయుధ పూజలో పసుపు కుంకుమలు అదనం. ఏళ్ల తరబడి నూనెతో కలిసి పేరుకున్న ఆ పొర ఒక్కోసారి ముద్రను తుప్పు పట్టకుండా కాపాడి ఉంటుంది.

బుగ్గ మీద సుద్ద పొడి రుద్ది, టార్చిలైటు పక్క నుంచి ఏటవాలుగా వేస్తే అరిగిన అక్షరాలు కూడా లేస్తాయి. పల్చటి కాగితం పరిచి పెన్సిలు పడుకోబెట్టి రుద్దితే ముద్ర కాగితం మీదికి దిగుతుంది. ఇక తేదీ వెతకడమే.

మొదటి సాక్షి బరువు. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరులో మొదలై 1962 కల్లా పౌండ్లను తప్పించాయి. తల మీద 2 అని ఉండి, వంటింటి కాటాలో 900 గ్రాములకు అటూ ఇటూ తూగితే ఆ 2 పౌండ్లే. అంటే ఈ దేశంలో చేసినదైతే అది చాలావరకు అరవైల ముందుదే. పూర్తి రెండు పౌండ్లంటే 907 గ్రాములు. అరిగిన తల ఇంకాస్త తక్కువ తూగడం మామూలే. ఇక్కడ చేసినదాని మీద గ్రాముల్లో అంకె కనిపిస్తే తర్వాతి కాలపుది. ఐఎస్‌ఐ ముద్ర ఉంటే 1950లకు ముందుది కాదు.

రెండో సాక్షి సంస్థ పేరు. ఈ ఊళ్లో సంస్థలు పేర్లు మార్చుకున్న తేదీలన్నీ రికార్డులో ఉన్నవే కాబట్టి, కాలం కట్టడం మిగతా ఊళ్లకన్నా ఇక్కడ తేలిక. బి.ఎన్.ఆర్. అని ఉంటే బెంగాల్ నాగపూర్ రైల్వేది. 1952లో ఆ రైల్వే ఈస్టర్న్ రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టులో విడివడి సౌత్ ఈస్టర్న్ అయింది కాబట్టి ఎస్.ఇ.ఆర్. ముద్ర ఆ తర్వాతిదే. టెల్కో 1945లో పుట్టింది, 2003లో టాటా మోటార్స్ అయింది. టిస్కో 2005లో టాటా స్టీల్ అయింది. అగ్రికో అని ఉంటే ఊరి సరుకే. 1925 నుంచి నడుస్తున్న ఆ బ్రాండు గునపాలు, పారలు, కొడవళ్లు, సుత్తులు ఎన్ని ఊళ్లకు పంపిందో చెప్పలేం. ఊళ్లో ఒక పేటకే ఆ పేరు నిలిచింది. సేకరించేవాళ్లు అగ్రికో సుత్తిని మామూలుదని పక్కన పడేసి విదేశీ ముద్రల కోసం తిరుగుతారు. నా లెక్కలో జంషెడ్‌పూర్‌లో సేకరణ మొదలుపెట్టాల్సింది అగ్రికోతోనే.

విదేశీవీ దొరుకుతాయి, వాటికి కారణం ఉంది. ఈ ఊరు ఇంకా సాక్చిగా ఉన్నప్పుడు, ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మ పోసింది 1912 ఫిబ్రవరిలో. అంతకుముందు కర్మాగారం కట్టినవాళ్ల చేతుల్లోని మంచి ఉక్కు పనిముట్లు బయటి నుంచి రావాల్సిందే. కర్మాగారం రూపకర్తల్లో అమెరికన్ ఇంజినీర్లున్నారు, దేశాన్ని ఏలుతున్నది బ్రిటిష్‌వాళ్లు. అందుకే షెఫీల్డ్ ముద్ర, ఫిలడెల్ఫియా ముద్ర ఒకే గుట్టలో కనిపించినా ఆశ్చర్యపోవద్దు. మూడు గీతలు ఒకచోట కలిసే బాణం గుర్తుంటే అది బ్రిటిష్ ప్రభుత్వ సరుకు. ప్లంబ్ లాంటి అమెరికన్ ముద్రకు ఇంకో దారి కూడా ఉండొచ్చు. 1944లో మన పక్కనే ఉన్న చాకులియా విమానాశ్రయంలో అమెరికా బి-29 బాంబర్లు దిగాయి. యుద్ధం ముగిశాక సైన్యాలు వదిలేసిన సామాను ఏ ఊళ్లోనైనా తుక్కు కొట్లకే చేరుతుంది.

కాస్ట్ స్టీల్ అని చెక్కి ఉంటే పోత ఇనుమనుకుని పారేయకండి. మూసలో కరిగించి తీసిన మేలైన ఉక్కు అని దాని అర్థం. షెఫీల్డ్‌లో హంట్స్‌మన్ ఆ పద్ధతి పట్టుకున్నది 1740లలో. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మనవాళ్లు అంతకు ఎంతోముందే మూస ఉక్కు చేసి పర్షియా వర్తకులకు అమ్మారు. ఆ సంగతి ఏ సుత్తి మీదా ఉండదు, అందుకే ఇక్కడ చెప్పాను.

ఆకారం చూస్తే పని తెలుస్తుంది. వెనక గుండు ఉంటే ఫిట్టరుది, బాల్ పీన్. వెనక అడ్డంగా పలుచటి అంచుంటే క్రాస్ పీన్, కమ్మరిది. రెండు వైపులా పదును ఉన్న చిన్నది వెల్డరు చిప్పింగ్ సుత్తి. ఇత్తడిదో, రాగిదో తల దొరికితే అదృష్టమే. గ్యాసు ఉండే చోట నిప్పురవ్వ రాకుండా వాడేవి అవి. రాగి, ఇత్తడి ధర తెలిసినవాళ్లు వాటిని కరిగించకుండా వదలరు. బుగ్గ మీద చేత్తో పొడిచిన అంకెలుంటే అది కార్మికుడి టికెట్ నంబరు కావచ్చు. దాన్ని అస్సలు ముట్టుకోవద్దు.

కామ తీయడం, పగులు చూడడం

పాత కామను తల కింద అంచుకు ఆనించి రంపంతో కోసేయండి. బెజ్జంలో మిగిలిన ముక్కకు డ్రిల్లుతో నాలుగైదు రంధ్రాలు పెట్టి, కింది నుంచి పైకి పోటుతో కొట్టండి. కామ కింది నుంచి దూరి పైన వెడ్జితో విచ్చుకుని ఉంటుంది కాబట్టి పైకే ఊడుతుంది. నిప్పులో వేసి కాల్చేసే అలవాటు చాలామందికి ఉంది. తేలికే, కానీ దెబ్బ వేసే ముఖానికి ఇచ్చిన పదును, అంటే గట్టిదనం, అందులోనే పోతుంది. ఆ తర్వాత అది ఇనుప ముక్కే.

తలను ఒక రాత్రి కిరసనాయిలులో ముంచి ఉంచండి. మర్నాడు పొడిగా తుడిచి, స్పిరిట్‌లో కలిపిన సుద్ద పూసి ఆరనివ్వండి. పగులుంటే అందులో దూరిన కిరసనాయిలు పైకి ఊరి తెల్లటి సుద్ద మీద నల్లటి గీత కడుతుంది. రైలు ఇరుసుల్లో పగుళ్లను వర్క్‌షాపులవాళ్లు ఇలాంటి పద్ధతితోనే పట్టేవారు. గీత కనిపిస్తే ఆ సుత్తిని బల్ల మీద పెట్టుకోండి, చేతపట్టి కొట్టొద్దు.

తుప్పు

లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ముంచితే ఉదయానికి తుప్పు వదులుతుంది. చింతపండు పులుసైనా పనిచేస్తుంది, నెమ్మదిగా. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ మాత్రం వద్దు. గట్టిబడిన ఉక్కులోకి హైడ్రోజన్ చేరి ముఖాన్ని పెళుసు చేస్తుంది. నిమ్మ ఉప్పులోనూ రోజుల తరబడి వదిలేయకండి. తీయగానే తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వేడి మీదే నూనె రాయండి. తుప్పు పోయాక మిగిలే ముదురు గోధుమ నలుపు రంగు జోలికి వెళ్లొద్దు. మళ్లీ తుప్పు పట్టకుండా అదే కొంత అడ్డం.

ముఖం

ఎక్కువ నిదానం కావాల్సింది ఇక్కడ. ముందు ముఖం మీద ఆకురాయి వేసి చూడండి. జారిపోతే ముఖం ఇంకా గట్టిగా ఉన్నట్టు. మెత్తగా కొరికితే ఎప్పుడో పదును పోయినట్టు. మంచి సుత్తి ముఖం రాక్‌వెల్ సి స్కేలు మీద సుమారు 50 నుంచి 58 దాకా ఉంటుంది. బెజ్జం చుట్టూ ఉక్కు మెత్తగానే ఉంటుంది, దెబ్బను ఓర్చుకునేది ఆ భాగం.

ఏళ్ల తరబడి ఉలి తలల మీద కొట్టిన ముఖం అంచులు గొడుగులా విచ్చుకుంటాయి. అందంగా ఉందని వాటిని ఉంచేవాళ్లున్నారు. అక్కడి నుంచి రవ్వ లేస్తే నేరుగా కంట్లోకి. గ్రైండరుతోనో ఆకురాయితోనో ఆ అంచు పూర్తిగా తీసేసి, చుట్టూ రెండు మిల్లీమీటర్ల ఏటవాలు ఇవ్వండి. గ్రైండరు వాడితే రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచాలి. ఉక్కు మీద గడ్డి రంగు వస్తే 220 డిగ్రీలు దాటినట్టు, నీలం వస్తే 300 దగ్గరికి వచ్చినట్టు. ముఖం మీద నీలం చూశారంటే అక్కడ పదును దిగింది. మళ్లీ ఎక్కించాలంటే కొలిమి కావాలి, కొలిమి పని తెలిసిన చెయ్యి కావాలి. కళ్లద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోవద్దు.

ముఖం మధ్యలో గుంటలుంటే ఉండనివ్వండి. గట్టి పొర లోతు కొద్దిపాటిదే, గుంటలన్నీ పోయేదాకా అరగదీస్తే లోపలి మెత్తటి ఉక్కు బయటపడుతుంది.

కామ

బజారులో దొరికే రెడీమేడ్ కామల్లో సగం పచ్చి కర్రే. సింగ్‌భూమ్ అడవుల్లో సాల్ ఎక్కువ కాబట్టి దాన్నే కోసి ఇస్తారు. బరువు, పైగా ఆరేటప్పుడు చీలుతుంది. ధామన్ దొరికితే అదే తీసుకోండి. సాగే గుణమున్న కర్ర, ఇక్కడివాళ్లు కావిళ్లకు వాడతారు. లేదంటే బాగా ఆరిన నల్ల తుమ్మ. కర్ర ఒక చివర చూస్తే వయసు గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు దెబ్బ పడే దిశలో సాగాలి, అడ్డంగా ఉంటే విరుగుతుంది. పొడవునా నార వంకర లేకుండా నడవాలి. రెండు పౌండ్ల బాల్ పీన్‌కు 14 నుంచి 16 అంగుళాలు చాలు.

చెక్కడం జనవరి, మే నెలల మధ్య పెట్టుకోండి. వానాకాలంలో ఉబ్బిన కర్రను బిగిస్తే, వేసవిలో 40 డిగ్రీలు దాటిన పొడి గాలికి ముడుచుకుని తల వదులవుతుంది. అప్పుడు అందరూ చేసేది బకెట్ నీళ్లలో నిలబెట్టడం. రెండు రోజులు బిగుస్తుంది, నార నలిగి మూడో రోజు ఇంకా వదులవుతుంది. ఎవరు చెప్పినా ఆ పని మాత్రం చేయకండి.

కామ అడ్డుకోత కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి, గుండ్రంగా ఉంటే చేతిలో తిరుగుతుంది. తల కింద మెడ దగ్గర కాస్త సన్నగా తీస్తే దెబ్బ మోచేతికి ఎక్కదు. పగిలిన గాజు పెంకుతో గీకితే ఇసుక కాగితం కన్నా నునుపు వస్తుంది. చేతికి గుడ్డ చుట్టుకోండి.

పై చివర బెజ్జం లోతులో మూడింట రెండు వంతుల దాకా రంపంతో చీలిక పెట్టి తలను తొడగండి. ఇక తలను నేలకేసి కొట్టక్కర్లేదు. కామను తల కిందికి వేలాడేలా పట్టుకుని, ఇప్పుడు పైన ఉన్న కామ అడుగు చివర మీద చెక్క సుత్తితో కొట్టండి. బరువైన తల ఉన్నచోటే ఉంటుంది, కామ దిగుతూ దిగుతూ బెజ్జంలో బిగుస్తుంది. చూసినవాళ్లు మొదట నమ్మరు. తర్వాత గట్టి కర్ర వెడ్జి చీలికలో కొట్టి, దాని మీద ఏటవాలుగా చిన్న ఇనుప వెడ్జి ఒకటి దించి, మిగిలింది కోసేయండి.

అవిసె నూనె రోజుకో పూత చొప్పున నాలుగు రోజులు రాయండి, పై చివరన బయటపడిన కర్రకు మరీ ఎక్కువగా. వార్నిష్ వద్దు, అరచేతికి బొబ్బలు తెస్తుంది. నూనె పట్టిన గుడ్డను ఉండ చుట్టి పారేయొద్దు, దానంతట అదే అంటుకుంటుంది. పరిచి ఆరనిచ్చి పారేయండి.

ఇక వాడండి. ఒక్కటే కట్టుబాటు, ఈ ముఖంతో మరో సుత్తి ముఖం మీద కొట్టకూడదు. రెండూ గట్టివే కాబట్టి ఏదో ఒకటి పెచ్చు లేస్తుంది. ముద్ర ఫొటోతోపాటు ఆ సుత్తి ఎవరిది, ఏ షాపులో, ఏ పనికి వాడేవారో ఒక కాగితం మీద తెలుగులోనే రాసి పెట్టండి. చెప్పగలిగిన పెద్దవాళ్లు కద్మాలో, గోల్‌మురిలో ఇంకా ఉన్నారు, ఈ ఆదివారమే వెళ్లి అడగండి.