గర్భిణికి వి.డి.ఆర్.ఎల్. పరీక్ష ఎందుకు?

గర్భం వచ్చాక మొదటిసారి ఓ.పి.కి వచ్చిన తల్లికి హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, షుగరు, హెచ్.ఐ.వి.లతో పాటు వి.డి.ఆర్.ఎల్. అనే రక్తపరీక్ష కూడా రాస్తాము. ఇది సిఫిలిస్ కోసం. మన పెద్దలు సవాయి రోగం అనేవారు. ఆ మాట వినగానే "మా ఇంట్లో అలాంటివాళ్లు లేరమ్మా" అని కొందరు నొచ్చుకుంటారు. ఎవరినీ అనుమానించి చేసే పరీక్ష కాదిది. గర్భిణులందరికీ చేస్తాము, పాస్టరుగారి భార్యకైనా సరే.

ఈ జబ్బుతో చిక్కేమిటంటే, నొప్పి ఉండదు. మర్మాంగం దగ్గర చిన్న పుండు వస్తుంది. స్త్రీలకు అది లోపల వస్తే కనిపించదు. మందు వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. తరువాత అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు రావచ్చు. అవీ పోతాయి. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉండి, మాయ గుండా బిడ్డకు చేరుతుంది. కడుపులోనే బిడ్డ చనిపోవచ్చు, నెలలు నిండకుండా పుట్టవచ్చు. కొందరు పిల్లలు పుట్టినప్పుడు బాగానే ఉండి, కొన్ని వారాలకు ముక్కు కారడం, చర్మం ఊడడం మొదలవుతుంది. పెద్దయ్యాక చెవుడు వచ్చేవారూ ఉన్నారు.

తెల్లబట్ట లేదు కాబట్టి నాకేమీ లేదనుకోవద్దు. అది సిఫిలిస్ గుర్తు కాదు. దుర్వాసనతో, పచ్చగా తెల్లబట్ట అవుతుంటే అది వేరే ఇన్ఫెక్షన్ కావచ్చు. వేడి చేసిందని సబ్జా గింజలు తాగుతూ కూర్చోకుండా చూపించుకోండి.

దీనికి మందు బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షను. 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకు చెరి సగం చేస్తాము. నొప్పిగానే ఉంటుంది, దాచడం ఎందుకు. జబ్బు కొత్తదైతే ఒకసారి చాలు. ఎప్పటిదో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. మొదటి రోజు జ్వరం, వణుకు రావచ్చు. కాన్పు నొప్పులు వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే రండి. పెన్సిలిన్ పడని వారు ముందే చెప్పాలి. ఆర్.ఎం.పి. ఇచ్చే గోళీలతో సరిపెట్టుకోవద్దు. డాక్సీసైక్లిన్ గర్భిణికి మంచిది కాదు. ఎరిత్రోమైసిన్ బిడ్డకు సరిగా చేరదు. మన పక్కనున్న శ్రీలంకలో తల్లి నుంచి బిడ్డకు సిఫిలిస్ సోకడాన్ని అరికట్టారని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. వాళ్లు వాడిందీ ఇలాంటి రక్తపరీక్షే, ఈ పెన్సిలినే.

కాన్పుకు కనీసం నెల ముందే వైద్యం పూర్తి కావాలి. మన ఇళ్లలో ఇది తప్పేది సీమంతం దగ్గరే. రెండు ఇంజెక్షన్లు అయ్యాక అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్తారు, మూడోది ఆగిపోతుంది. వారం తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయాల్సి రావచ్చు. కార్డు వెంట తీసుకెళ్లి అక్కడి ఆసుపత్రిలో చూపించండి.

ఇక భర్త సంగతి. ఆయనకు పరీక్ష, వైద్యం జరగకపోతే భార్యకు వేసిన మందంతా వృథా, మళ్లీ సోకుతుంది. "నాకేమీ లేదు, బాగానే ఉన్నాను" అనేవారే ఎక్కువ. పైన చెప్పాము కదా, బాగానే ఉన్నట్టు కనిపించడమే ఈ జబ్బు పద్ధతి. ఇద్దరి వైద్యం పూర్తయి వారం గడిచేదాకా కలవకూడదు.

అత్తగార్లకు ఒక మాట. వి.డి.ఆర్.ఎల్. పాజిటివ్ వస్తే అది సిఫిలిసే అని చెప్పలేము. ఇతర కారణాల వల్లా వస్తుంది, అందుకే టి.పి.హెచ్.ఎ. అని ఇంకో పరీక్ష చేస్తాము. అది నిజమైనా జబ్బు ఏళ్ల కిందటిది కావచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. కోడలిని నిలదీసి ప్రయోజనం లేదు. ఫలితం ఆమెకే చెబుతాము. ఆమె ఒప్పుకోనిదే అత్తగారికైనా, అమ్మకైనా చెప్పము.

తల్లి పాలు ఇవ్వవచ్చు. రొమ్ము మీద పుండు ఉంటే మాత్రం ముందు మాకు చూపించండి. కాన్పయ్యాక బిడ్డకూ రక్తపరీక్ష చేస్తాము. బిడ్డ బొద్దుగా, హుషారుగా ఉన్నా డాక్టరుగారు రాసిన తేదీకి మళ్లీ తీసుకురండి.