చేతికింది వారు కూడా అమానతే

అమరాపురం, మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుండి చదువుకున్న మన పిల్లలు బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలలో ఉద్యోగాలు చేస్తున్నారు. చిన్న ఉద్యోగంలో చేరినవారిలో కొందరు నేడు టీమ్ లీడ్లు, మేనేజర్లు అయ్యారు. అల్‌హమ్దులిల్లాహ్! పండుగలకు ఊరు వచ్చినప్పుడు వారు ఉలమాలను ఎన్నో ప్రశ్నలు అడుగుతుంటారు. జుమా నమాజు వేళకే మీటింగు పెడితే ఏం చేయాలి? వడ్డీ బ్యాంకు కోసం ప్రోగ్రాము రాయవచ్చా? మద్యం వడ్డించే ఆఫీసు విందుకు వెళ్లవచ్చా? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. కాని, "నా కింద పదిమంది పనిచేస్తున్నారు. వారి పట్ల నా బాధ్యత ఏమిటి?" అని అడిగినవారు మాకు చాలా అరుదుగా తారసపడ్డారు.

మీలో ప్రతి ఒక్కరూ కాపరియే, ప్రతి ఒక్కరూ తన మంద గురించి ప్రశ్నించబడతారు అనే భావం గల హదీసు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు (బుఖారి, ముస్లిం). అయితే దాన్ని మనం భార్యాబిడ్డల వరకే చదువుకుని ఆగిపోతాం. ఎవరికి ఏ పని అప్పగించాలి, ఎవరికి సెలవు ఇవ్వాలి, ఏడాది చివర ఎవరి పనికి ఎంత విలువ కట్టాలి అనేది మేనేజరు చేతిలో ఉంటుంది. ఆ విలువను బట్టి ఒకరి జీతం పెరుగుతుంది, ఒకరి ఉద్యోగమే పోతుంది. ఆ జీతం మీద ఎక్కడో ఊరిలో ఒక ఇల్లు నడుస్తూ ఉంటుంది. ఇది మంద కాక మరేమిటి?

ఉర్దూలో కింది ఉద్యోగిని 'మాతహత్' అంటాము. కింద ఉన్నవాడని అర్థం. హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసులో కూడా ఈ మాటకు దగ్గరి మాట ఉంది. సేవకులను అల్లాహ్ మీ చేతుల కింద ఉంచాడు అన్నారు దైవప్రవక్త (స). కాని ఆ వాక్యంలోని వరుస చూడండి. ముందు వారు మీ సోదరులు అన్నారు, తర్వాతనే మీ చేతుల కింద ఉన్నవారు అన్నారు. ఆనాటి బానిసలకే ఈ స్థానం ఉంటే, ఒప్పందం రాసుకుని పనిచేసే స్వతంత్రులైన ఉద్యోగుల సంగతి చెప్పాలా?

ఇక అసలు విషయానికి వద్దాం. పనిచేసే చోట మంచి వాతావరణం అంటే పుట్టినరోజు కేకులు, విహారయాత్రలు అని చాలామంది అనుకుంటారు. మా దృష్టిలో దానికి గీటురాయి ఒక్కటే: కింద పనిచేసేవాడు తన తప్పును భయం లేకుండా వచ్చి చెప్పుకోగలుగుతున్నాడా, లేదా?

ధర్మవరం పట్టు మగ్గాల సంగతి మన పాఠకులకు కొత్త కాదు. నేస్తుండగా పడుగులో పోగు తెగుతుంది. ఎంతటి పనివాడికైనా తెగుతుంది. వెంటనే ఆపి అతికితే చీరకు లోటు రాదు. షావుకారు తిడతాడని భయపడి దానిమీదే నేసుకుంటూ పోతే, మడత విప్పిన రోజు చీర పొడవునా చార కనిపిస్తుంది. సాఫ్ట్‌వేరు పని కూడా ఇంతే. రాసినవాడు ఆ రోజే చెప్పిన లోపం గంటలో సరిపోతుంది. దాచిన లోపం అర్ధరాత్రి ఎక్కడో ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో బయటపడుతుంది.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలలో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాలలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె భావించారు. లెక్కలు తిరగబడ్డాయి. మంచి బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి! కారణం, అక్కడివారు పొరపాటును పైకి చెప్పగలుగుతున్నారు, మిగతాచోట్ల దాస్తున్నారు. 2012లో గూగుల్ కంపెనీ తన 180 బృందాలను పరిశీలించడం మొదలుపెట్టి, చివరకు ఇదే మాటకు వచ్చింది. బృందంలో ఎంత తెలివైనవారు ఉన్నారనే దానికంటే, నోరు విప్పడానికి భయం ఉందా లేదా అన్నదే ముఖ్యమని తేల్చింది.

దాపరికం పై అంతస్తుకు చేరితే ఏమవుతుందో మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంపెనీ అధినేత రామలింగరాజు రాసిన లేఖ అందరికీ గుర్తుంది. లెక్కల్లో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా అసలు లేనే లేవు. మొదట్లో చిన్నగా ఉన్న తేడాయే ఏటేటా పెరిగిందని ఆయనే ఒప్పుకున్నారు. అది తెలిసి చేసిన మోసం. భయంతో లోపాన్ని దాచిన కుర్రవాడిని దానితో పోల్చడం లేదు. కాని రెండూ నడిచేది ఒకే దారిన.

ఇప్పుడు ఉహుద్ వైపు చూడండి. హిజ్రీ 3వ సంవత్సరం. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (స) మొగ్గు. బయటికి వెళ్లి పోరాడదామన్నారు యువకులు. ఆయన (స) వారి మాట మన్నించారు. గుట్టమీద 50 మంది విలుకాండ్రను నిలిపి, ఏం జరిగినా కదలవద్దని ఆజ్ఞాపించారు. వారిలో ఎక్కువమంది గెలిచామనుకుని, యుద్ధప్రాప్తి కోసం కిందికి దిగారు. ఫలితంగా 70 మంది సహాబీలు షహీదులయ్యారు. దైవప్రవక్త (స) పన్ను విరిగింది, ముఖం గాయపడింది. మామూలు మనుషుల లెక్కన చూస్తే, సంప్రదింపుల వల్ల నష్టం వచ్చింది, కిందివారి అవిధేయత వల్ల ప్రాణాలు పోయాయి. ఇకపై ఎవరినీ అడగను, ఎవరినీ నమ్మను అని ఏ నాయకుడైనా అనవలసిన సమయం అది.

సరిగ్గా ఆ సమయంలో అల్లాహ్ ఏమని ఆదేశించాడు? నీవు మృదువుగా ఉండటం దైవకారుణ్యమే, కఠినుడవై ఉంటే వీరు నీ చుట్టూ ఉండక చెదిరిపోయేవారు అని తెలిపి, వారిని మన్నించమన్నాడు, వారి కోసం క్షమాభిక్ష వేడుకోమన్నాడు, పనుల్లో వారినే సంప్రదించమన్నాడు (ఆలి ఇమ్రాన్: 159). అడిగి నష్టపోయిన తర్వాత కూడా మళ్లీ అడగమన్న ఆజ్ఞ ఇది! ఒక్క రిలీజు చెడిపోగానే "ఇక అన్నీ నేనే చూస్తాను, మీరు చెప్పింది చేయండి చాలు" అనే మన సోదరులు ఈ ఆయతు దగ్గర కాసేపు ఆగాలి.

మరి మేనేజరే పొరబడితే? ఒకసారి దైవప్రవక్త (స) నాలుగు రకాతుల నమాజులో రెండింటికే సలాం చెప్పారు. జమాఅతులో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) వంటివారే ఉన్నారు, కాని మాట్లాడటానికి సంకోచించారు. జుల్‌యదైన్ అనే సహాబీ లేచి, నమాజు తగ్గించబడిందా, లేక తమరు మరచిపోయారా అని అడిగారు. దైవప్రవక్త (స) ఆయన్ను గద్దించలేదు. మిగతావారిని అడిగి నిర్ధారించుకుని, మిగిలిన రకాతులు పూర్తిచేసి, సహూ సజ్దాలు చేశారు (బుఖారి, ముస్లిం). ఈ హదీసుపై ఫిఖ్ చర్చ చాలా పెద్దది, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. మేనేజరైన సోదరుడు గ్రహించవలసింది ఇది: గొప్పవారు కూడా పెద్దల ముందు జంకుతారు. మీ టీములో జుల్‌యదైన్ లాంటివాడు ఒక్కడుంటే వాణ్ణి కాపాడుకోండి. "నాకే చెబుతావా?" అన్న ఒక్క మాటతో మిగతా తొమ్మండుగురి నోళ్లు కూడా మూతపడతాయి.

తప్పు ఎత్తిచూపడానికి కూడా పద్ధతి ఉంది. ఎవరిలోనైనా లోపం కనిపిస్తే దైవప్రవక్త (స) పేరు పెట్టకుండా, కొందరికి ఏమైంది, ఇలా ఎందుకు చేస్తున్నారు అని అందరినీ ఉద్దేశించి అనేవారు. మనవాళ్లు చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొద్దున్నే అందరూ నిలబడిన మీటింగులో, లేదా యాభైమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పేరుపెట్టి నిలదీస్తారు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు దైవప్రవక్త (స) సేవలో గడిపారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన (స) నోట విసుగు మాట వినలేదని చెప్పారు. పదేళ్లు! మనం ఒక్క సోమవారం ఉదయం అలా గడపగలమా?

మృదుత్వమంటే చూసీచూడనట్లు వదిలేయడం కాదు. తబూక్ యుద్ధానికి రాకుండా ఉండిపోయిన హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) సాకులు చెప్పక, నిజం ఒప్పుకున్నారు. ఆయనకు మందలింపు తప్పలేదు, 50 రోజులు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత అల్లాహ్ నుండే క్షమాపణ వచ్చింది. సాకులు చెప్పి ఆ రోజుకు బయటపడిన కపటులకు ఆ గౌరవం దక్కలేదు. లెక్క అడగండి, కాని నిజం చెప్పినవాడు అబద్ధం చెప్పినవాడికంటే ఎక్కువ నష్టపోయే పరిస్థితి రానివ్వకండి.

పనిభారం గురించి ఒక్క మాట. పైన చెప్పిన అబూజర్ (రజి) హదీసులోనే, శక్తికి మించిన పని చెప్పవద్దని, చెప్పవలసివస్తే మీరూ తోడుపడమని ఉంది. కందకం తవ్వినప్పుడు దైవప్రవక్త (స) స్వయంగా మట్టి మోశారు. అమెరికా వేళలకు తగ్గట్టు అర్ధరాత్రి వరకు టీమును కూర్చోబెట్టి, తాను పదింటికే నిద్రపోయే మేనేజరు ఏ సున్నతును పాటిస్తున్నట్టు?

ఏడాది చివరి విలువకట్టే పనిలో అన్యాయం ఎక్కువగా జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ కంపెనీలో ఒకప్పుడు అందరూ బాగా చేసినా సరే, కొందరిని అట్టడుగున చూపి తీరాలనే పద్ధతి ఉండేది. దానివల్ల పక్కవాడికి సాయపడటం తనకే నష్టమైంది. 2013 నవంబరులో దాన్ని రద్దు చేశారు. 2014 ఫిబ్రవరిలో అధిపతి అయిన సత్య నాదెళ్ల తండ్రిగారి ఊరు మన పాత అనంతపురం జిల్లాలోని బుక్కాపురమే. నొప్పించకుండా మాట్లాడటం గురించి మార్షల్ రోసెన్‌బర్గ్ రాసిన పుస్తకాన్ని ఆయన తన పై అధికారులచేత చదివించారు. అలాగని ఆ కంపెనీ మనకు ఆదర్శమని కాదు, 2023లో 10,000 మందిని తొలగిస్తామన్నదీ అదే. కాని బయటివారు నష్టపోయి నేర్చుకున్నది మన మదరసాలో మొదటి ఏడాదే చదువుతాము. ఒక జనం మీద ద్వేషం కూడా మిమ్మల్ని న్యాయం తప్పించకూడదని ఖుర్ఆన్ ఆజ్ఞ (అల్ మాయిదా: 8). చేయని పనికి పొగడ్త కోరేవారికి యాతన తప్పదని హెచ్చరిక (ఆలి ఇమ్రాన్: 188). టీములోని అమ్మాయి రాత్రులు కూర్చుని చేసిన పనిని పైవారి ముందు 'నేను చేశాను' అని చూపే సోదరుడు ఈ రెండో ఆయతును తర్జుమాతో ఒకసారి చదువుకోవాలి.

అణచబడినవాని మొరకూ అల్లాహ్‌కూ మధ్య అడ్డుతెర ఉండదని హజ్రత్ ముఆజ్ (రజి)ను యెమెన్ పంపుతూ దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ మొరపెట్టుకున్నవాడు ముస్లిం కాకపోయినా ఇదే వర్తిస్తుందని ఉలమాలు రాశారు. బెంగళూరు టీములలో మన చేతికింది వారిలో ఎక్కువమంది ముస్లిమేతరులే. జుమా రోజు మనం రెండు గంటలు లేచి వెళ్తే, ఆ సమయంలో మన పని చూసుకునేది వారే. రమజానులో ఇఫ్తారు వేళకు మీటింగు జరిపేదీ వారే. కనుక ఉగాదికి, వరలక్ష్మీ వ్రతానికి, క్రిస్మసుకు ఎవరు సెలవు అడుగుతారో ముందే కనుక్కుని, ఆ రోజుల డ్యూటీ పట్టికలో మొదటి పేరుగా మన పేరే రాసుకోవాలి.