"పుస్తకం ఎలా ఉంది?" అని అడిగి చూడండి



వేసవి సెలవుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాను. పాఠ్యపుస్తకం కాని సైన్స్ పుస్తకం ఏదైనా చదివి, ఎలా ఉందో ఒక పేజీ రాసుకురమ్మన్నాను. ఎక్కువమంది "చాలా బాగుంది, ఎంతో విజ్ఞానాన్ని ఇచ్చింది" అని రాశారు. కొందరు అట్ట వెనకాల ఉన్న వాక్యాలే దించేశారు. ఒక అబ్బాయి మాత్రం మూడే వాక్యాలు రాశాడు: "నలభయ్యో పేజీ దాకా బాగుంది. తర్వాత నాకు అర్థం కాలేదు. రచయిత తొందరపడ్డాడు."

పదికి నాలుగు మార్కులు వేశాను. వారం తర్వాత నోట్‌బుక్ మళ్ళీ చూస్తే తప్పు నాదేనని తెలిసింది. క్లాసు మొత్తంలో అభిప్రాయం రాసింది వాడొక్కడే! పిలిచి మార్కులు మార్చాను. కానీ అప్పటికే వాడు ఆ పుస్తకాన్ని లైబ్రరీలో తిరిగి ఇచ్చేశాడు.

అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గెందుకు? స్టీఫెన్ హాకింగ్ రాసిన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' 1988లో వచ్చింది. పుస్తకంలో పెట్టే ఒక్కో సమీకరణానికీ అమ్మకాలు సగానికి పడిపోతాయని ఆయన్ని ఎవరో హెచ్చరించారట. ఆయన ఒక్కటే ఉంచారు, అదీ ఐన్‌స్టీన్‌ది. అయినా కొని సగంలో ఆపేసినవాళ్ళే ఎక్కువని ఆ పుస్తకానికి పేరు.

తెలుగులో నండూరి రామమోహనరావు గారి 'విశ్వరూపం', 'నరావతారం' ఉన్నాయి. ఆయన శాస్త్రవేత్త కాదు, పత్రికా సంపాదకులు. మామూలు పాఠకుడు ఎక్కడ ఆగిపోతాడో ఆయనకు తెలియడానికి అదే కారణం కావచ్చు. మీ ఇంట్లో తాతగారి బీరువాలో ఉంటే బయటికి తీయండి. ఇంగ్లిష్ టీచర్ తెలుగు పుస్తకం చెబుతున్నారేమిటని అనుకోకండి, కాంతి సంవత్సరం అంటే ఏమిటో నాకు మొదట బుర్రకెక్కింది తెలుగులోనే. పిల్లలు తెలుగు నెమ్మదిగా చదువుతారు కాబట్టి మీరే చదివి వినిపించండి. 2006కి ముందు అచ్చయిన పుస్తకాల్లో ప్లూటో తొమ్మిదో గ్రహంగానే ఉంటుంది. అప్పుడు "ఈ పుస్తకం తప్పా, లేక అప్పటికి ఒప్పా?" అని అడగండి. అరగంట కబుర్లు గ్యారంటీ.

రచయితతో వాదించడం కూడా చదవడమే. వెల్స్ 1897లో 'ది ఇన్విజిబుల్ మ్యాన్' నవల రాశాడు. రష్యన్ సైన్స్ రచయిత యాకొవ్ పెరెల్మాన్ అందులో ఒక లోపం పట్టుకున్నాడు. మనిషి ఒళ్ళంతా పారదర్శకమైతే కళ్ళూ అంతే కదా! వెలుగు కంట్లో వంగి, వెనకున్న తెర మీద ఆగితేనే బొమ్మ కడుతుంది. ఆగకుండా దాటిపోతే ఏమీ కనిపించదు. అంటే ఎవరికీ కనపడని మనిషికి ఎవరూ కనపడరు. ఇది క్లాసులో చెబితే, "మరి సినిమాల్లో మాయమైన హీరో ఫైట్ ఎలా చేస్తాడు మేడం?" అని ఒక అమ్మాయి లేచింది. ఆ రోజు గ్రామర్ పాఠం జరగలేదు.

మీటింగుల్లో కొందరు, "ఇవి ఐఐటీ ఫౌండేషన్‌కి పనికొస్తాయా?" అని అడుగుతున్నారు. నేరుగా ఒక్క మార్కు కూడా రాదు. అయితే పెరెల్మాన్ అడిగిన లాంటి ప్రశ్న వేసే పిల్లలు భౌతికశాస్త్రాన్ని బట్టీ పట్టడం నేను చూడలేదు.

ఈ నెల మీ పిల్లలు ఏదైనా సైన్స్ పుస్తకం చదివి "బాగాలేదు" అంటే కోప్పడకండి. ఏ పేజీలో విసుగొచ్చిందో, ఏ మాట నమ్మబుద్ధి కాలేదో అడగండి. వాళ్ళ జవాబును తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో డైరీలో రాయించి పంపండి. ఈసారి మార్కులు వేయను.