చేతికి పని, నోటికి మాట

పొద్దున ఎనిమిది గంటలకు అమీర్‌పేట చౌరస్తాకు వెళ్ళి చూడండి. మెట్రో రైలు లైన్లు రెండు అక్కడ కలుస్తాయి. మెట్లు దిగి వచ్చేవాళ్ళలో చాలామంది భుజాన సంచీ వేసుకున్న పిల్లలే. మైత్రీవనం చుట్టూ గోడల నిండా బోర్డులు. కంప్యూటరు కోర్సు, ట్యాలీ కోర్సు, ఇంగ్లీషు మాట్లాడే కోర్సు. ఖమ్మం, నల్గొండ, అనంతపురం, శ్రీకాకుళం, ఇలా ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఇక్కడ హాస్టళ్ళలో ఉంటారు. ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. మూడు నెలలో, ఆరు నెలలో పని నేర్చుకుంటారు. ఇంటి దగ్గర తల్లి పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఫీజు పంపుతుంది.

అక్కడికి పంజాగుట్ట ఎంతో దూరం లేదు. ఆ రోడ్డు మీద పెద్ద పెద్ద చీరల దుకాణాలు, నగల దుకాణాలు. పని నేర్చుకున్న పిల్లల్లో కొందరు అలాంటి చోట్లే చేరతారు.

పని నేర్పేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. మరి పౌరులుగా బతకడం ఈ పిల్లలకు ఎవరు నేర్పుతారు?

పౌరులు అంటే ఈ దేశం మనుషులు. మనకు హక్కులు ఉన్నాయి, బాధ్యతలు ఉన్నాయి. ఐ.టి.ఐ. చదివే పిల్లలకు 2022లో కొత్త పాఠాలు పెట్టారు. వాటిలో రాజ్యాంగ విలువలు, పౌరసత్వం అనే పాఠం ఉంది. మంచిదే. కానీ దాన్ని బట్టీ పట్టి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుంటే లాభం ఏమిటి? వంట పుస్తకం చదివితే ఆకలి తీరదు కదా. పైగా మూడు నెలల ప్రైవేటు కోర్సుల్లో ఆ మాట ఎత్తే తీరికే ఉండదు.

ఈ పాఠం పిల్లల సొంత బతుకు నుంచి మొదలు కావాలి. ఒక టీచరమ్మ ఇలా మొదలుపెట్టింది అనుకుందాం.

"మీరు కట్టిన ఫీజుకు రసీదు ఎంతమంది దగ్గర ఉంది?"

ముప్పై మందిలో నాలుగు చేతులు లేచాయి.

"మిగతావాళ్ళు ఎందుకు అడగలేదమ్మా?"

ఒక పిల్ల మెల్లగా అన్నది. "అడిగితే సారు ఏమనుకుంటడో అని భయం మేడం."

"మార్కెట్లో పది రూపాయల మిరపకాయలు కొంటే తూకం చూస్తావా?"

"చూస్త మేడం."

"మరి ఇరవై వేలు కట్టి కాగితం అడగవా?"

పిల్లలు నవ్వారు. నవ్వి ఊరుకోలేదు, ఆలోచించారు. రసీదు మీద ఏమేమి ఉండాలి? కట్టిన సొమ్ము, తారీఖు, ఎవరి పేరున కట్టారు, తీసుకున్నవాళ్ళ సంతకం, సంస్థ పేరు. ఉద్యోగం గ్యారంటీ అని నోటితో చెప్పిన మాట కాగితం మీద ఉందా? రేపు సంస్థ మూతపడితే ఆ కాగితమే ఆధారం. ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో తెలియకపోతే 1915కు ఫోన్ చేసి అడగవచ్చు. అది వినియోగదారుల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. ఆ రోజు ఆ పిల్లలకు పౌరసత్వం పాఠం రసీదుతో అర్థమైంది.

పెద్దవాళ్ళను అడగడం తప్పు కాదా అని కొందరు తల్లులకు అనుమానం. దుర్గాబాయి సంగతి వినండి.

అది 1923. కాకినాడలో కాంగ్రెసు మహాసభ. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టికెట్టు లేకుండా ఎవరినీ లోపలికి పంపవద్దని వాలంటీర్లకు చెప్పారు. గేటు దగ్గర నిలబడ్డ వాలంటీరు రాజమండ్రి పిల్ల దుర్గాబాయి. వయసు 14 ఏళ్ళు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్టు లేదు. ఆ పిల్ల ఆయన్ని ఆపేసింది! నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి కోప్పడ్డారు. తనకు చెప్పిన పనే చేశానన్నది దుర్గాబాయి. వాళ్ళు టికెట్టు కొన్నాకే నెహ్రూను లోపలికి పంపింది. ఆయన మెచ్చుకున్నారు.

ఆ పిల్లే తర్వాత మన రాజ్యాంగం రాసిన సభలో సభ్యురాలు అయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు మానేసిన ఆడవాళ్ళకు చదువుతోపాటు చేతిపని కూడా నేర్పించారు. తర్వాత హైదరాబాదులోనూ సంస్థలు నడిపారు. పని వేరు, పౌరసత్వం వేరు అని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఒక్కరే అడిగితే సరిపోని సంగతులు కూడా ఉంటాయి. బట్టల దుకాణంలో పనిచేసే ఆడపిల్లల్నే చూడండి. గిరాకీ ఉన్నా లేకున్నా పొద్దంతా నిలబడాలి. కాళ్ళు వాస్తాయి, నడుము పడిపోతుంది. మూత్రానికి పోవడానికి వీలు లేక నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు ఉన్నారు. ఇది మనకు తెలిసిన బాధే. కేరళలో కోజికోడ్ పట్టణంలో ఇదే బాధ ఉండేది. అక్కడ విజి అనే ఆమె బట్టలు కుట్టేది. ఆమె దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళను కూడగట్టింది. ముందు మరుగుదొడ్ల కోసం అడిగారు. తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి అడిగారు. కూర్చోవడానికి కూడా హక్కా అని నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చింది. దుకాణంలో పనిచేసేవాళ్ళకు కూర్చునే వసతి ఇవ్వాలన్నది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టం చేసింది. నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 2020లో పార్లమెంటు చేసిన కార్మిక చట్టంలో కూడా రాశారు. పంజాగుట్టలో ఉద్యోగానికి పోయే పిల్లకు బిల్లు కొట్టడం నేర్పితే చాలదు. ఈ సంగతి కూడా చెప్పి పంపాలి.

పాఠం చదివితే చట్టం మారుతుందా అని అడగవచ్చు. మీలాగే పలక పట్టిన ఆడవాళ్ళ కథ ఉంది. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు. అక్కడ రాత్రి బడిలో సారా వల్ల వచ్చే నష్టం గురించి చదువుకున్నారు. చదివింది తమ ఇంటి కథే అని తెలుసుకున్నారు. 1992లో రోశమ్మతో కలిసి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఊరూరా ఆడవాళ్ళు లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో మద్యం మొత్తాన్ని నిషేధించారు. రెండేళ్ళకే దాన్ని సడలించారు, అది వేరే కథ. వాళ్ళ చేతిలో ఉన్నది ఒక చిన్న వాచకమే.

ఇక ఓటు సంగతి. 1989 నుంచి 18 ఏళ్ళకే ఓటు హక్కు వచ్చింది. అంతకుముందు 21 ఏళ్ళు నిండాలి. కానీ 2020 డిసెంబరులో జరిగిన హైదరాబాదు నగరపాలక ఎన్నికల్లో సగం మంది కూడా ఓటు వెయ్యలేదు. హాస్టలు ముందు మురుగు పొంగితే మాత్రం అందరూ ముక్కు మూసుకుంటారు.

"నేను హాస్టల్ల ఉంట, ఓటు ఊళ్ళె ఉంచుకోవాల్నా, ఇక్కడ రాయించుకోవాల్నా?" ఈ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఎన్నికల సంఘం నియమం ప్రకారం, ప్రభుత్వం గుర్తించిన కోర్సు ఏడాది లేదా అంతకంటే ఎక్కువ కాలం చదివే పిల్లలు హాస్టలు చిరునామాతో రాయించుకోవచ్చు. ఇష్టమైతే ఊళ్ళోనే ఉంచుకోవచ్చు. రెండు చోట్లా పేరు ఉండకూడదు, అది నేరం. మూడు నెలల కోర్సుకు వచ్చిన పిల్ల ఊళ్ళోనే రాయించుకోవాలి.

కొత్తగా పేరు రాయించడానికి ఫారం 6 నింపాలి. ఇదివరకు జనవరి 1 నాటికి 18 ఏళ్ళు నిండకపోతే ఏడాది ఆగాల్సి వచ్చేది. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తారీఖులు నాలుగూ లెక్కకు వస్తాయి. 17 ఏళ్ళు నిండిన పిల్లలు ముందుగానే ఫారం ఇవ్వవచ్చు. అనుమానం ఉంటే 1950కి ఫోన్ చెయ్యాలి.

మీ ఇంట్లో పని నేర్చుకునే పిల్ల ఉంటే ఫారం 6 తెప్పించండి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. అందులో పేరు, పుట్టిన తారీఖు, చిరునామా రాయాలి. బంధువు పేరు అని ఒక గడి ఉంటుంది. తండ్రి పేరే రాయాలని చాలామంది అనుకుంటారు. ఆ గడిలో తల్లి పేరు కూడా రాయవచ్చు.